ఢిల్లీకి ఇరవైనలుగురం



మీ బడిలో స్కౌట్లు గాని, గైడ్లు గాని ఉన్నారా? ఉంటే, ఎప్పుడో ఒకనాడు మీలో ఒకరు లేచి, "సార్, మనమంతా ఢిల్లీ చూసి వద్దామా?" అని అడిగే ఉంటారు. సారు నవ్వి, "ముందు పరీక్షలు కానివ్వండి" అని దాటవేసి ఉంటారు. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఢిల్లీ అనగానే మీ కళ్ల ముందు ఎర్రకోట కనిపించింది. ఆయన కళ్ల ముందు అంకెలు గిర్రున తిరిగాయి. రైలు ఛార్జీలెంత? రాత్రిళ్లు ఎక్కడ పడుకోవాలి? అంతమందికి అన్నం ఎవరు పెడతారు? ఒక్కడు తప్పిపోతే వాడి తల్లికి ఏమని చెప్పాలి?

ఆ అంకెలను ఈ నెల మనం కలిసి చూద్దాం. అమ్మానాన్నలను కూడా పక్కన కూర్చోబెట్టుకొని చదవండి. వారికి చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది.

నేను పిల్లలను రెండుసార్లు ఢిల్లీకి తీసుకొనిపోయాను. మొదటిసారి 1993లో, స్కౌటు మాస్టరుగా. రెండవసారి 2018లో, ఉద్యోగ విరమణకు ముందు సంవత్సరం. మొదటి ప్రయాణం సంగతి ముందు చెబుతాను. అందులో నేను రెండు తప్పులు చేశాను. అవి మీకు పనికివస్తాయి.

చిన్న తప్పు ఇది. మేము ఢిల్లీలో దిగిన రోజు సోమవారం. ఉత్సాహంగా ఒక మ్యూజియానికి పోతే తలుపు మూసి ఉన్నది. బస్సు పట్టుకొని ఇంకొకదానికి పోతే అదీ అంతే. మూడవచోట కాపలావాడు మమ్మల్ని చూసి జాలిపడి, "ఆజ్ సోమ్‌వార్ హై, మాస్టర్‌జీ" అన్నాడు. బస్సు ఛార్జీలు దండుగ, ఒక పగలంతా దండుగ. ఢిల్లీలో మ్యూజియములకు చాలావరకు సోమవారం సెలవు. ఇప్పుడు ఎర్రకోటకు కూడా అంతే. నేను కేలండరు చూడకుండానే టిక్కెట్లు కొన్నాను!

పెద్ద తప్పు బయలుదేరక ముందే జరిగింది. నేను లెక్క వేసి, తలకు 600 రూపాయలు అని తేల్చి, నోటీసు బోర్డు మీద కాగితం అంటించాను. "ఫలానా తేదీ లోపల చెల్లించవలెను" అని కింద గీత కూడా గీశాను. అప్పట్లో మా ట్రూపులో ముడులు వేయడంలో ఒక పిల్లవాడిని మించినవాడు లేడు. కళ్లకు గంతలు కట్టినా రీఫు ముడి, క్లోవ్ హిచ్ క్షణంలో వేసేవాడు. వాడే పులి పెట్రోలుకు లీడరు. (స్కౌట్లలో ఆరుగురు మొదలు ఎనిమిది మంది కలిస్తే ఒక పెట్రోలు. "మా మనవడు పెట్రోలు లీడరు" అని వాళ్ల నాయనమ్మ వాడంతా చెప్పుకుంటే, అందరూ వాడికి బంకులో నౌకరీ దొరికిందని అనుకున్నారట.) వాడు వచ్చి, "సార్, నేను రాను. మా అక్క పెళ్లిచూపులున్నాయి" అన్నాడు. సరే అన్నాను. వేరొకణ్ణి లీడరుగా వేశాను.

మేము బయలుదేరే రోజు పొద్దున వాడు కాజీపేట స్టేషనుకు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మా పరుపుచుట్టలు ఒక్కొక్కటీ విప్పి, మళ్లీ బిగించి కట్టాడు. రైలు కదిలినప్పుడు ప్లాటుఫారం మీద నిలబడి సెల్యూటు చేశాడు. నేను కిటికీలోనుంచి చూస్తూనే లోపల తలలు లెక్కపెట్టుకుంటున్నాను. ఇరవై రెండు. లెక్క సరిపోయింది అనుకున్నాను.

తిరిగి వచ్చిన తరువాత తెలిసింది. వాడికి అక్కే లేదు. తండ్రి ధాన్యం బజారులో బస్తాలు మోసేవాడు. చేయి విరిగి మూడు నెలలుగా ఇంట్లో ఉన్నాడు. ఆ 600 రూపాయల నోటీసు నేను వాడి ఒక్కడి కోసమే అంటించినట్లు అయింది.

అందుకే 2018లో లెక్కను తలకిందులు చేశాను. బోర్డు మీద తలకు ఇంత అని రాయలేదు. ట్రూపు మొత్తానికి ఎంత కావాలో ఆ ఒక్క అంకె రాశాను. 24 మంది స్కౌట్లు, మొత్తం 66,000 రూపాయలు. "ఇది మన ట్రూపు తీర్చవలసిన లెక్క. ఎవడి లెక్కా విడిగా లేదు. పోతే ఇరవైనలుగురం పోతాం, లేకపోతే ఎవరం పోము" అన్నాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తల్లిదండ్రుల సమావేశంలో మాత్రం ఒక పెద్దమనిషి లేచాడు. "సార్, అందరూ సమానంగా ఇస్తేనే గదా న్యాయం?" అన్నాడు. అది అడగవలసిన ప్రశ్నే. ఆయనకు నేను స్కౌటు ఉద్యమం పుట్టిన కథ చెప్పాను.

1907 ఆగస్టులో బేడెన్ పవెల్ అనే ఆంగ్లేయ సైనికాధికారి, ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ అనే చిన్న ద్వీపంలో మొట్టమొదటి శిబిరం పెట్టాడు. వచ్చినవారు ఇరవై మంది పిల్లలు. సగం మంది ధనవంతుల బడులలో చదివేవారు, మిగిలినవారు పనిపాటలు చేసుకొనే కుటుంబాలవారు. అందరూ ఒకే డేరాలలో పడుకున్నారు. ఒకే అన్నం తిన్నారు. అయితే రుసుము ఒకటి కాదు. డబ్బున్న ఇళ్ల పిల్లలు ఒక పౌను ఇచ్చారు, లేనివారు మూడున్నర షిల్లింగులు ఇచ్చారు. పౌనుకు 20 షిల్లింగులు. అంటే ఆరవ వంతుకు కాస్త ఎక్కువ, అంతే! స్కౌట్లకు ఈ పద్ధతి మొదటి రోజునుంచీ ఉన్నదన్నమాట. ఆ పెద్దమనిషి కూర్చున్నాడు. తరువాత ఏమి చేశాడో నాకు తెలియదు. తెలియకుండా ఉండేటట్లే ఏర్పాటు చేశాము.

ఆ ఏర్పాటు ఏమిటంటే, ప్రతి ఇంటికీ ఒకే రకం తెల్ల కవరు పంపాము. పేరు రాయకూడదు. ఇవ్వగలిగినంత పెట్టి, అంటించి, ప్రధానోపాధ్యాయుని గదిలో ఉన్న తాళం పెట్టెలో వేయాలి. మూడు నెలల్లో మూడుసార్లు పంపాము. పెట్టె తెరిచి లెక్కపెట్టినప్పుడు ఒక కవరులో 5,000 ఉన్నాయి. ఒక కవరులో అన్నీ పదిరూపాయల నోట్లే, దారంతో కట్టి, 180 రూపాయలు. రెండు కవర్లలో చీటీలే ఉన్నాయి: "వచ్చే నెల ఇస్తాము" అని. కవర్లన్నీ కలిపి 44,900 రూపాయలు వచ్చాయి.

మిగతాది పిల్లలు సంపాదించారు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో దీనికొక మంచి పేరున్నది: ఖరీ కమాయీ, అంటే నిజాయితీగా కష్టపడి సంపాదించిన సొమ్ము. చందా పుస్తకం పట్టుకొని దుకాణాల ముందు నిలబడటం ఖరీ కమాయీ కాదు. మా పిల్లలు ఇంటింటికీ తిరిగి పాత పత్రికలు పోగుచేసి అమ్మారు. వేసవిలో కరివేపాకు, తులసి, బొప్పాయి మొక్కలు సంచుల్లో పెంచి, వానలు పడగానే అమ్మారు. బడి వార్షికోత్సవంలో ఉడకబెట్టిన పల్లీల దుకాణం పెట్టారు. అన్నింటికన్నా లాభం వచ్చినది పల్లీలలోనే. అన్నింటికన్నా నష్టం వచ్చినదీ వాటిలోనే, ఎందుకంటే అమ్మేవాళ్లు తినకుండా ఉండలేకపోయారు. అయినా మొత్తం 21,400 రూపాయలు చేతికి వచ్చాయి. రెండూ కూడండి, ఎంతయింది? 66,300. సరిపోయింది గదా!

ఇప్పుడు మీరు పోవాలంటే ఎంత కావాలో చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. కాజీపేట ప్రాంతంనుంచి ఢిల్లీకి స్లీపరు తరగతిలో టిక్కెట్టు ఇంచుమించు 700 రూపాయలు. పోనురాను 1,400. పన్నెండేళ్ల లోపు వాడైనా, పడుకోవడానికి బెర్తు కావాలంటే ఇప్పుడు పూర్తి టిక్కెట్టే తీసుకోవాలి. 2016 నుంచి ఇదే నియమం. విద్యార్థుల విజ్ఞానయాత్రలకు రైల్వేవారి రాయితీ ఉన్నది గనుక, నిర్ణీత పత్రం మీద ప్రధానోపాధ్యాయుని సంతకం, ముద్ర వేయించి స్టేషనులో ముందే అడగండి. అయితే అంచనా మాత్రం పూర్తి ఛార్జీతోనే వేయండి. రాయితీ దొరికితే అది మిగులు.

ఢిల్లీలో తిండికి రోజుకు 250 చొప్పున నాలుగు రోజులకు 1,000. మెట్రో రైలుకు, బస్సులకు 250. బసకు మూడు రాత్రులు, రాత్రికి 150 మించకుండా, 450. ప్రవేశ రుసుములకు, చిల్లరకు 200. అంతా కలిపి 3,300. దీనిమీద పదోవంతు, అంటే 330 రూపాయలు, జ్వరాలకు, తెగిన చెప్పులకు, తప్పిన బస్సులకు అట్టే పెట్టాలి. తలకు 3,630. ఇరవైనాలుగుతో హెచ్చవేస్తే 87,120. బోర్డు మీద ఈ చివరి అంకె ఒక్కటే రాయండి. మధ్యలో వచ్చిన అంకె మీ పద్దు పుస్తకంలోనే ఉండనివ్వండి.

ఇంకొక మాట. వెంట వచ్చే పెద్దల ఖర్చు పిల్లల మీద వేయకూడదు. మేము ముగ్గురం ఉపాధ్యాయులం, మా టిక్కెట్లు మేమే కొనుక్కున్నాము. ఎనిమిది మంది పిల్లలకు ఒక పెద్దవారు ఉండాలని నా అభిప్రాయం. గైడ్లు వస్తే వారి కెప్టెను, అంటే ఉపాధ్యాయురాలు, తప్పక వెంట ఉండాలి. విద్యాశాఖ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, పిల్లల ఆధార్ కార్డులు ముందే ఒక ఫైలులో పెట్టుకోవాలి. ఇవన్నీ విసుగు పనులే, కాని తప్పవు.

ఎప్పుడు పోవాలి? మే నెలలో ఢిల్లీ పెనం మీద అట్టులాగా కాలుతుంది. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు పడి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. నవంబరులో గాలి పొగతో నిండి గొంతు మండుతుంది. ఫిబ్రవరి చాలా బాగుంటుంది గాని, పరీక్షలు దగ్గరికి వస్తాయి. అందుకని మేము దసరా సెలవుల మొదటి వారం ఎన్నుకున్నాము. పండుగ నాటికి ఎవరింటికి వారు చేరారు. ఇప్పటి నియమం ప్రకారం రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. ఒక ఫారం మీద ఆరుగురికే టిక్కెట్లు ఇస్తారు గనుక, పెద్ద జట్టుకు ఏమి చేయాలో ఇంకా ముందే స్టేషనుకు పోయి కనుక్కోవాలి. సోమవారం బయలుదేరండి. మంగళవారం పొద్దున దిగుతారు. శుక్రవారం తిరుగు రైలు ఎక్కండి. ఆ వారంలో ఢిల్లీలో ఉన్న ఏ రోజూ సోమవారం కాదు!

బస కోసం మూడు నెలల ముందే ఉత్తరాలు రాయాలి. ఢిల్లీలో మహాత్మాగాంధీ మార్గ్ మీద భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జాతీయ కార్యాలయం ఉన్నది. దాని పేరు లక్ష్మీ మజుందార్ భవన్. మీ రాష్ట్ర శాఖ ద్వారా అక్కడికి రాయండి. చాణక్యపురిలో యూత్ హాస్టల్ ఉన్నది. సెలవులలో తరగతి గదులు ఇచ్చే బడులు కూడా ఉంటాయి. మాకు ఒక బడివారు హాలు ఇచ్చారు. చాపలు మావి, దుప్పట్లు మావి. ఉదయం మేము ఖాళీ చేసేటప్పుడు ఆ హాలు మేము వచ్చినప్పటికన్నా శుభ్రంగా ఉన్నది. ఈ సంగతి వారే చెప్పారు.

రైలులో మొదటి రోజుకు ప్రతి పిల్లవాడూ ఇంటినుంచి పులిహోర పొట్లం తెచ్చుకున్నాడు. పులిహోరే ఎందుకు? చింతపండు పులుపులో అన్నాన్ని పాడుచేసే సూక్ష్మజీవులు త్వరగా పెరగలేవు. మీ అమ్మమ్మలకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, అయినా తెలుసు. దానితోపాటు మురుకులు, పల్లీ పట్టీలు. రామగుండం దాటగానే గోదావరి వంతెన మీద అందరూ కిటికీల దగ్గరికి దూకారు. నర్మద దగ్గరికి పోయేసరికి రాత్రి అయింది. వంతెన కనపడలేదు. చక్రాల చప్పుడు ఒక్కసారిగా మారి, గలగలమన్నది. "సార్, నది!" అన్నాడు పై బెర్తు మీదివాడు, కళ్లు తెరవకుండానే.

ఇక ఢిల్లీలో ఏమి చూడాలి? అన్నీ చూడాలనుకొనేవారు ఏదీ చూడరు. రోజుకు రెండు చోట్లు చాలు. కుతుబ్ మీనారు, హుమాయూన్ సమాధి, ఎర్రకోట, జంతర్ మంతర్ వంటి పురావస్తు శాఖవారి కట్టడాలలో 15 ఏళ్ల లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. ఇండియా గేటుకు, రాజ్‌ఘాట్‌కు ఎవరికీ లేదు. ఇండియా గేటు పక్కనే 2019లో జాతీయ యుద్ధ స్మారకం కూడా వచ్చింది. దానికీ రుసుము లేదు. చూశారా, ఢిల్లీలో చూడటం చవక, చేరటమే ఖరీదు!

రైలు మ్యూజియంలో మా పిల్లలను కదిలించడం కష్టమైపోయింది. అక్కడ పటియాలా సంస్థానంవారి వింత రైలు ఒకటి ఉన్నది. దానికి పట్టా ఒకటే! బరువు చాలావరకు ఆ ఒక్క పట్టా మీదనే ఉంటుంది. పడిపోకుండా పక్కన ఒక పెద్ద చక్రం నేల మీద దొర్లుతూ ఉంటుంది. అది మొదట నడిచినది 1907లో. "సార్, మన స్కౌట్లూ అదీ ఒకే ఈడువాళ్లు" అన్నాడొకడు. కుతుబ్ దగ్గర ఇనుప స్తంభం చుట్టూ తిరిగి, పదహారు వందల ఏళ్లుగా వానకు తడుస్తున్నా ఎందుకు తుప్పు తినలేదో చెప్పాను. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన పలుచని పొర ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతున్నది. ఈ సంగతిని కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన బాలసుబ్రమణ్యం గారు పరిశోధించి వివరించారు.

అయితే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జంతర్ మంతర్. నగరం నడిబొడ్డున, జైపూరు రాజు సవాయి జైసింగు 1724లో కట్టించిన వేధశాల అది. అక్కడ సమ్రాట్ యంత్రమని ఒక మహా త్రికోణం ఉన్నది. ఎత్తు 70 అడుగులు. నిజానికి అది ఒక నీడగడియారం. దాని ఏటవాలు గోడ సరిగ్గా భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది, అంటే ధ్రువనక్షత్రం వైపు చూస్తూ ఉంటుంది. అందుకని ఆ వాలు, ఆ ఊరి అక్షాంశం ఒకటే: 28 డిగ్రీలకు పైన అరకు కాస్త ఎక్కువ.

మేము బయలుదేరక ముందే ప్రతి పెట్రోలూ అట్టతో ఒక నీడగడియారం చేసుకున్నది. మా ఊరి అక్షాంశం 18 డిగ్రీలు కనుక త్రికోణాన్ని 18 డిగ్రీలకు కత్తిరించారు. బడి ఆవరణలో చక్కగా పని చేసింది. దానిని ఢిల్లీకి మోసుకొనిపోయి, జంతర్ మంతర్ గడ్డి మీద పెట్టాము. దిక్సూచితో ఉత్తరం చూసి నిలిపాము. అయినా వేళ సరిగా చూపలేదు. ఎందుకో చెప్పమన్నాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత నెమలి పెట్రోలులో చిన్నవాడు అట్టకు ఉత్తరపు కొస పట్టుకొని పైకి లేపాడు. "మన త్రికోణం 18 దగ్గర ఆగింది సార్. ఇక్కడ ధ్రువనక్షత్రం ఇంకా పైన ఉన్నది. పదిన్నర డిగ్రీలు ఎత్తాలి" అన్నాడు. 30 సెంటీమీటర్ల అట్టకు అయిదున్నర సెంటీమీటర్ల ఎత్తు కావాలి. రెండు నోటుపుస్తకాలు, ఒక చెప్పు పెడితే సరిపోయింది. ఇప్పుడు మా నీడగడియారం చేతి గడియారానికి ఎనిమిది నిముషాలే వెనుక! ఆ ఎనిమిది ఎందుకో మీరు మీ సైన్సు సారును అడగండి. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయని, ఢిల్లీ 77 దాటి ఉన్నదని, అది అక్టోబరు నెల అని గుర్తు చేయండి. దారి దొరుకుతుంది.

జంతర్ మంతర్‌లో గీతలు చాలావరకు అరిగిపోయాయి. చుట్టూ పెద్ద మేడలు లేచి ఎండకు అడ్డం వస్తున్నాయి. అయినా అట్టముక్కతో పోయినవాడికి అది రాళ్ల గుట్టలాగా కనపడదు.

అక్కడినుంచి కొంచెం నడిస్తే బంగ్లా సాహిబ్ గురుద్వారా. అక్కడ లంగరు ఉన్నది. ఎవరు వచ్చినా, ఏ మతంవారైనా, నేల మీద వరుసగా కూర్చోబెట్టి అన్నం పెడతారు. డబ్బు అడగరు. దీనిని నేను ఖర్చు తగ్గించే ఉపాయంగా మీకు చెప్పడం లేదు. ఉచితమని వెళ్లి తిని రావడం స్కౌటుకు తగదు. మేము ముందుగా సేవకు అనుమతి అడిగాము. లోపలికి తల కప్పుకొని పోవాలి. మా పిల్లలు మెడలోని స్కార్ఫులు విప్పి తలకు కట్టుకున్నారు. ఒక పెట్రోలు రొట్టెలు ఒత్తింది. రెండవది పళ్లాలు తోమింది. మూడవది నీళ్లు అందించింది. మా పిల్లలు ఒత్తిన రొట్టెల్లో గుండ్రంగా ఉన్నవి తక్కువ. పక్కన కూర్చున్న పంజాబీ అవ్వ వాటిని చూసి నవ్వుతూ, చెంపలు నిమిరి, మళ్లీ ఒత్తి చూపించింది. ఆమె మాట వీళ్లకు తెలియదు, వీళ్ల మాట ఆమెకు తెలియదు. అరగంటకు రొట్టెలు గుండ్రమైనాయి. తరువాత ఆ వరుసలలోనే కూర్చొని తిన్నాము. మంత్రిగారి కొడుకైనా, రిక్షా తొక్కేవాడైనా అక్కడ ఒకే చాప మీద కూర్చుంటాడు. నాకు ఆ పూట ఆ పాత పులి పెట్రోలు లీడరు గుర్తుకు వచ్చాడు. ఎందుకో అన్నం గొంతు దిగలేదు.

మరునాడు మాకు ఒక గండం వచ్చింది. రాజీవ్ చౌక్ అనే స్టేషనులో మెట్రో మారాలి. జనం ఇసుక వేస్తే రాలనట్లు ఉన్నారు. మేము ఎక్కాము, తలుపులు మూసుకున్నాయి. లెక్కపెడితే ఇరవై రెండే. ఈసారి లెక్క సరిపోలేదు! ఇద్దరు ప్లాటుఫారం మీద నిలబడి అద్దంలోనుంచి మమ్మల్నే చూస్తున్నారు. నా గుండె ఆగినంత పనైంది. వాళ్లు మాత్రం కదలలేదు. బయలుదేరకముందు బడిలో మూడుసార్లు అభ్యాసం చేశాము: వెనక దిగబడినవాడు అక్కడే నిలబడాలి. ముందుకు పోయినవారిలో ఒక పెద్దవారు తరువాతి స్టేషనులో దిగి వెనక్కి వస్తారు. తరువాతి బండి ఎక్కి వెతకడానికి పోకూడదు. అలాగే వాళ్లు ఆ స్తంభం దగ్గరే ఉన్నారు. ప్రతివాడికీ ఒక జంట ఉండాలన్న నియమం వల్ల ఒక్కడే మిగలలేదు, ఇద్దరూ కలిసే మిగిలారు. ప్రతి జేబులోనూ హిందీలో రాసిన చీటీ ఉన్నది: బస చిరునామా, మా ఫోను నంబర్లు, పిల్లల సహాయానికి 1098, రైళ్లలో సహాయానికి 139. ఆ చీటీ తీయవలసిన అవసరం రాలేదు. తల్లులారా, మీరు ఏ యాత్రకు పంపినా ఈ అభ్యాసం చేయించారా అని ముందు అడగండి.

ఆ మెట్రో పెట్టెలోనే తలుపు పైన ఉన్న పటంలో పిల్లలు ఒక పేరు చదివి కేకవేశారు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. అవును, మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారే. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ఖాదీ ప్రదర్శన వాకిట్లో ఆమె వాలంటీరు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా లోపలికి పోబోతే ఆమె ఆపివేసింది! నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు తెచ్చిన తరువాతనే లోపలికి వదిలింది. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు. పెద్దయ్యాక ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలైంది. ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టించింది. ఈ కథ విన్న తరువాత మా పిల్లలు ఢిల్లీలో ప్రతి టిక్కెట్టూ భద్రంగా దాచుకున్నారు. ఇంటికి వచ్చాక పద్దు రాయడానికి అవే పనికివచ్చాయి.

చివరి రోజు మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీనులో భోజనం చేశాము. నాలుగు రోజుల తరువాత పప్పు, పచ్చడి, పెరుగు కనపడేసరికి మా వాళ్లు ఎన్నిసార్లు అన్నం పెట్టించుకున్నారో నేను లెక్కపెట్టలేదు. వడ్డించేవారు కూడా లెక్కపెట్టలేదు.

తిరిగి వచ్చిన వారానికి తల్లిదండ్రులను మళ్లీ పిలిచి, పద్దు పైకి చదివి వినిపించాము. చదివినది నేను కాదు, ముగ్గురు పెట్రోలు లీడర్లు వంతులవారీగా చదివారు. రైలుకు ఇంత, తిండికి ఇంత, రాజీవ్ చౌక్‌లో వెనక్కి పోయి వచ్చినందుకు అదనంగా ఇంత. అన్నీ పోగా 640 రూపాయలు మిగిలాయి. వాటితో ఏమి చేయాలన్నది పెద్ద తగవైంది. మిఠాయి అన్నారు కొందరు, ఫొటో కట్టిద్దామన్నారు కొందరు. చివరికి చేతులెత్తించి ఓట్లు లెక్కపెడితే తాడు గెలిచింది. వరంగల్లు బజారుకు పోయి, ముడులు నేర్చుకోవడానికి మంచి నూలు తాడు కొనుక్కొని వచ్చారు.